స్తంభాలకు చుట్టిన చేను

రాత్రంతా వాన కురిసింది. తెల్లారేసరికి నేల, కాలు పెడితే చీలమండదాకా దిగబడేంత మెత్తగా తయారైంది. ఇలాంటి నేల కోసం తీగలక్క ఎండలు ముదిరినప్పటి నుంచీ ఆకాశం వంక చూస్తూనే ఉంది. కొడవలికి పదును పెట్టుకుని, తడిపిన గోనెసంచులు భుజాన వేసుకుని, ఎవరో తరుముకొస్తున్నట్టు తీగల మడికి నడిచింది. తీరా వెళ్ళి చూస్తే మడి గేటుకు తాళం వేలాడుతోంది.

నిన్నటిదాకా ఆ గేటుకు తాళమే లేదు. గొర్రెలు జొరబడకుండా తాడు ముక్కతో కట్టేవాళ్ళు, అంతే. బయట అప్పటికే కౌలు చేలవాళ్ళు బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళందరికీ ముందు బొంగురత్త. చుట్టరికం ఎవరితోనూ లేదు, బొంగురు గొంతు కొద్దీ అందరికీ అత్తయింది.

"ఏమే తీగలక్కా, తాళం బిగించి పోయి ముసుగు తన్నావా? ఇంత పదునులో నేలుంటే నీకు నిద్రెలా పట్టిందే?"

"నేను వెయ్యలేదత్తా. ఈ తాళం మొహం నేనూ ఇప్పుడే చూస్తున్నా."

"మరి ఎవరు వేశారు?"

ఎవరు వేశారో అందరికీ తెలుసు. తీగలు పంచే ప్రాజెక్టు సారు తప్ప ఇంకెవరు వేస్తారు? మడి ఆయనది కాదు, నీళ్ళు ఆయన పొయ్యలేదు, కలుపు ఆయన తియ్యలేదు. కానీ తాళం మాత్రం ఆయనదే.

మడిలో ఉన్నవి చిలగడదుంప తీగలు. దుంప కోస్తే లోపల తెల్లగా ఉండదు, పండిన గుమ్మడికాయ రంగులో ఉంటుంది. కంటికి కావలసిన సత్తువంతా ఆ రంగులోనే ఉందని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. ఇది గింజ చల్లితే మొలిచే పంట కాదు. కొట్లో పొట్లం కట్టి అమ్మరు. తీగ కోసుకొచ్చి, ఒకటి రెండు రోజుల్లో తడి నేలలో గుచ్చాలి. ఆలస్యమైతే తీగ వాడుతుంది, నేల ఆరుతుంది. అందుకే ఎండాకాలమంతా ఆ మడిని చావనివ్వకుండా కాపాడడమే అసలు పని. ఆ పని చేసింది తీగలక్క. బోరు ఆగిపోయిన రోజుల్లో కుంటలోంచి బిందెలతో మోసి పోసింది. ఆ మోతకే ఆమెకు ఆ పేరొచ్చింది, మెడ నరాల నొప్పి కూడా వచ్చింది.

సారుకు ఫోన్ చేసింది.

"ఆ, తీగలక్కగారూ! మంచి వాన కదండీ!"

"మంచి వానే సారూ. అందుకే కొయ్యడానికొచ్చాం. తాళం వేసుంది."

"నేనే వేయించాను. గురువారం పైనుంచి పెద్దాయన వస్తున్నారమ్మా. ఆయన చేతుల మీదుగా తీగల పంపిణీ. అప్పటిదాకా ఒక్క తీగ కూడా తెగకూడదు. మడి ఫొటోల్లో పచ్చగా పడాలి."

"గురువారానికి నేల ఆరిపోతుంది సారూ."

"రెండు మూడు రోజులకు ఏం కొంప మునగదమ్మా. ముందు మీకే ఇప్పిస్తానుగా. నా మాట."

తీగలక్క ఫోన్ రొంటిన దోపుకుని అందరి వంకా చూసింది. బొంగురత్త కొడవలి ఎత్తి తాళం మీద ఒక్కటి వెయ్యబోయింది.

"వద్దత్తా. మాటిచ్చాడు."

ఆమె జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో అదొకటి. ఆ తాళం పగలగొట్టనిచ్చి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ మాట ఇచ్చినవాడు మాట మీద నిలబడతాడని అనుకోవడం ఆమెకు అలవాటు. బుట్టలు ఖాళీగా వెనక్కి తిరిగాయి.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చున్నా ఆమె చెవి వాకిట్లోనే ఉంది. వాకిట్లో చిన్నది ఆడుకుంటోంది. పగలంతా పిల్లి వెంట పరుగులు పెట్టే పిల్ల, పొద్దు గుంకేసరికి ఎక్కడున్నది అక్కడే కూలబడుతుంది. ఏడవదు. గోడకు వీపు ఆనించి, "అమ్మా, నేనిక్కడున్నా" అని మెల్లగా పిలుస్తుంది. రేచీకటి. మందు చుక్కలు వేశారు. మందు పనిచేస్తుంది గానీ, కడుపులోకి పోయే తిండి మారకపోతే మళ్ళీ మామూలేనని నర్సమ్మ ఖరాఖండిగా చెప్పింది.

తీగలక్క లేచి వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుంది. చిన్నది గడప దగ్గర కాలెత్తి, గడప ఎంత ఎత్తుందో తడుముకుని దాటింది. ఏడేళ్ళ పిల్ల, ముసలమ్మలా ఇల్లు తడుముకుంటోంది.

అప్పుడే మొగుడొచ్చాడు, ఈల వేసుకుంటూ. టెంట్లు, కుర్చీలు అద్దెకిచ్చే కొట్లో పని అతనిది. గుంజలు పాతడం, గుడ్డ లాగి కట్టడం, మీటింగయ్యాక అన్నీ విప్పి లారీకెక్కించడం.

"గురువారం పెద్ద మీటింగంట. రెండు రోజులు చేతినిండా పని. వేదికా, పందిరీ, గేటూ, అన్నీ మేమే."

"తెలుసు," అంది ఆమె. "మా మీటింగే అది."

"మీ మీటింగా? అయితే గట్టిగా కడతాలే," అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు గానీ, మంచి మాటే కదా అనుకుని పళ్ళెం ముందు పెట్టింది.

బుధవారం పొద్దున్నే సారు స్వయంగా వచ్చి తాళం తీశాడు. ప్యాంటు కింద మడిచి, బూట్లకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు.

"దారంతా బురదమ్మా. పెద్దాయన ఇంతదూరం నడవలేరు. మడి దగ్గరికి ఆయన రాలేకపోతే ఏం? మడినే ఆయన దగ్గరికి తీసుకెళదాం."

అంటే ఇవాళే కోసి, రేపు అక్కడే పంచేస్తారన్నమాట. తీగలక్క ప్రాణం లేచొచ్చింది. నేల మీద ఇంకా పదును ఉంది, రేపు మధ్యాహ్నానికి గుచ్చేయవచ్చు. బొంగురత్తను పిలిచింది, ఇంకో నలుగురు వచ్చారు. వంగి కోత మొదలుపెట్టారు. తీగను ఎడం చేత్తో లేపి, వేరుకు అంటిన చోటు చూసుకుని, ఒక్క వేటుకు కోసి, కింది ఆకులు దూసేసి, జానెడున్నర ముక్క చెయ్యబోయింది తీగలక్క.

"ఆగండాగండి! ముక్కలు చెయ్యొద్దు," అన్నాడు సారు. "ఆకులు తీయొద్దు. పొడుగ్గా, ఎంత పొడుగుంటే అంత పొడుగ్గా కోయండి."

"పొడుగు తీగ బండిలో నలుగుతుంది సారూ."

"నలగకుండా మోయండి మరి."

పంచేటప్పుడు ముక్కలు చేస్తారేమోననుకుంది. మడిలో మూడొంతులు కోసేశారు. ఆకులతో సహా పొడుగు తీగల్ని చుట్టలు చుట్టకుండా, పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు చేతుల మీద వేసుకుని ట్రాలీలోకి చేర్చారు. తడి గోనెలు కప్పారు. మధ్యలో బొంగురత్త ఒక కట్ట తీసి ఆమె బుట్టలో వెయ్యబోయింది.

"నీ పిల్లకు పట్టుకుపోవే. నువ్వు పోసిన నీళ్ళేగా."

"అందరితో పాటే అత్తా. నేను ముందు తీసుకుంటే రేపు నా మొహం ఎవరికి చూపించను?" అని ఆ కట్టను ట్రాలీలోకే వేసింది.

సాయంత్రం, తీగలకు మరోసారి నీళ్ళు చిలకరించి రావాలని మీటింగు మైదానానికి వెళ్ళింది. ట్రాలీ ఖాళీగా ఉంది. గోనెసంచులు బురదలో పడున్నాయి. తల ఎత్తింది.

మైదానం ముఖద్వారానికి అటూ ఇటూ రెండు గుంజలు. వాటికి కింది నుంచి పైదాకా తీగలు. పైన అడ్డకర్రకు తీగలు. లోపల పందిరి స్తంభాలకు తీగలు చుట్టడం అప్పుడే మొదలైంది. నిచ్చెన మీద నిలబడి, నోట్లో పురికొస కరుచుకుని, తీగ మెడకు ఉరి బిగించినట్టు ముడి బిగిస్తున్నాడు ఆమె మొగుడు.

"ఏమయ్యా!"

ఆ కేకకు నిచ్చెన ఊగింది.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"కనపడట్లా? డెకరేషను. పూలకు బదులు ఇవే కట్టమన్నాడు సారు. కొత్తగా ఉంటుందంట."

"దిగు. దిగి అవన్నీ విప్పు."

"నీకేమన్నా పిచ్చా? విప్పితే కొట్టువాడు నన్ను పనిలోంచి పీకేస్తాడు."

"నువ్వు కట్టేది ఏమిటో తెలుసా? అవి పూలనుకున్నావా? అవి మన చిన్నదాని కళ్ళు. కూతురి కళ్ళు తీసుకొచ్చి గుంజకు కడుతున్నావు నువ్వు!"

మిగతా పనివాళ్ళు చేతులు ఆపి చూశారు. మొగుడు నోట్లోని పురికొస తీశాడు. చేతిలోని తీగ వంక మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. పైగా తలకిందులుగా పట్టుకున్నాడు దాన్ని, చిగురు కిందికీ మొదలు పైకీ.

వేదిక దగ్గర నిలబడి బ్యానరు సరిచేయిస్తున్న సారు దగ్గరికి వెళ్ళింది.

"ఏంటి సారూ ఇది?"

"బాగుంది కదమ్మా? ఐడియా నాదే," అన్నాడు, నిజంగానే ముచ్చటపడుతూ. అందులో వెటకారమేమీ లేదు. అదే ఆమె ఒళ్ళు మండించింది. వెటకారమైతే తిట్టొచ్చు. ఇంత ముచ్చటకు ఏం సమాధానం చెప్పాలి?

"పంచడానికని కోశాం. చుట్టడానికి కాదు."

"పంచుతాంగా! అయిదు కట్టలు రిబ్బను కట్టి విడిగా పెట్టాం. పట్టా కాగితాలున్న అయిదుగురిని పిలిచాం. మిగతావాళ్ళకు తర్వాత."

"మడిలో ఇంకేం మిగిలిందని తర్వాత?"

"మళ్ళీ పెరుగుతాయి కదా, తీగలేగా!"

పెరుగుతాయి. నెలల తర్వాత, ఈ వాన వెళ్ళిపోయాక, ఎండిన నేలకు ముఖం చూపించడానికి పెరుగుతాయి. పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చింది. ఆ రాత్రి మొగుడికి వడ్డించింది గానీ పలకరించలేదు. అతనూ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

గురువారం పొద్దున్న పదింటికని చెప్పిన మీటింగు, ఎండ నడినెత్తికి వచ్చాక మొదలైంది. పెద్దాయన అప్పుడొచ్చాడు మరి. కుర్చీల్లో ముందు వరసలు అధికారులకు, వెనక వరసలు జనానికి. కౌలు చేలవాళ్ళు అన్నిటికంటే వెనక, ఖాళీ బుట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. జనం కావాలని సారే కబురు పెట్టించాడు.

తీగలక్క కళ్ళు స్తంభాల మీదే ఉన్నాయి. ముఖద్వారం దగ్గరి తీగలు ఎండకు మాడి, ఆకులు కాగితాల్లా ముడుచుకున్నాయి. అవి పోయినట్టే. పందిరి లోపల నీడ ఉంది. ఆ తీగలు ఆకులు వాల్చాయి, కానీ చావలేదు. పక్క స్తంభానికున్న తీగను గోటితో గిల్లి చూసింది. పాలు కారాయి. ఇంకా ప్రాణం ఉంది. ఇవాళ గుచ్చితే బతుకుతుంది. రేపైతే పశువులకు కూడా పనికిరాదు.

వేదిక మీద పెద్దాయన మాట్లాడుతున్నాడు. ఈ దుంప మన పిల్లల భవిష్యత్తన్నాడు. ప్రతి పేదింటి పళ్ళెంలోకి ఇది చేరాలన్నాడు. చప్పట్లు కొట్టారు. రిబ్బన్ల కట్టలు అయిదుగురికి ఇచ్చాడు. అందులో ఒకాయనకు బట్టల కొట్టుంది, చేను కౌలుకిచ్చేశాడు. ఇంకొకాయన కట్టను ఎటు పట్టుకోవాలో తెలియక గదలా భుజాన పెట్టుకున్నాడు. ఫొటోలు తీశారు. పెద్దాయన మళ్ళీ మైకు అందుకున్నాడు.

సారు చెమట తుడుచుకుంటూ వెనక వరసలవైపు వచ్చాడు. తీగలక్క గొంతు తగ్గించి అడిగింది.

"ఈ తీగలెప్పుడు దించుతారు సారూ?"

"సాయంత్రం ఇక్కడే ఇంకో మీటింగుందమ్మా. రేపు దించేస్తారు. చెత్త ట్రాక్టరుకు చెప్పే ఉంచాం."

చెత్త ట్రాక్టరు. ఎండాకాలమంతా ఆమె మోసిన బిందెలన్నీ ఒక్కసారి నెత్తిన పడ్డట్టయింది. ఆమె లేచింది. అరవలేదు. పోట్లాడలేదు. పక్కనున్న స్తంభం దగ్గరికి నడిచి, పైకి చెయ్యి చాచి, ముడి వెతికింది. బిగించిన ముడి అయితే పళ్ళతో కొరకాల్సి వస్తుందనుకుంటూ పురికొస చివర పట్టి లాగింది. ముడి ఒక్క లాగుకు జారిపోయింది. తీగ మొత్తం, ఎక్కడా తెగకుండా, మెల్లగా ఆమె భుజం మీదికి దిగింది. చూస్తే చిగురు పైకీ మొదలు కిందికీ సరిగ్గా ఉంది. స్తంభం మొదట్లో తీగ చివర తడి గోనెముక్క కూడా చుట్టి ఉంది.

వెనక్కి తిరిగి చూసింది. కుర్చీల దొంతర పక్కన మొగుడు నిలబడి, పందిరి గుడ్డకు చిల్లులేమైనా ఉన్నాయేమో అన్నంత శ్రద్ధగా పైకి చూస్తున్నాడు.

ఆమె రెండో స్తంభానికి వెళ్ళింది. అదీ జారుముడే. ఈలోగా బొంగురత్త లేచింది. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ పిలవలేదు. బుట్టలవాళ్ళందరూ లేచి తలా ఒక స్తంభం పట్టుకున్నారు. కొందరు విప్పుతున్నారు, కొందరు కింద కూర్చుని ఆకులు దూసి, కణుపులు చూసుకుని ముక్కలు చేస్తున్నారు. కొడవళ్ళ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. మైకులో మాత్రం భవిష్యత్తు నడుస్తోంది.

సారు పరుగెత్తుకొచ్చాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఏం చేస్తున్నావు నువ్వు? మతి పోయిందా? కూర్చో!"

నిన్నటిదాకా మీరు, గారు. ఇవాళ నువ్వు. ఆమె అదీ గమనించింది. చేతిలోని తీగ చివర ఆయన చేతిలో పెట్టింది.

"కాస్త పట్టుకోండి సారూ. నేలకు తగిలితే చిగురు నలుగుతుంది."

ఆయన విసిరికొట్టేవాడే. కానీ ఫొటోలవాడు అప్పటికే ఇటు తిరిగాడు. పెద్దాయన కూడా మాట ఆపి ఇటే చూస్తున్నాడు. సారు నవ్వు తెచ్చిపెట్టుకుని, తీగ పట్టుకుని నిలబడ్డాడు. తీగలక్క ఆయన చుట్టూ తిరిగి ఇంకో తీగ విప్పి అదీ ఆయన భుజం మీద వేసింది. తర్వాత ఇంకొకటి. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన ప్రసంగం ముగిసేసరికి పందిరిలో స్తంభాలు బోడిగా నిలబడ్డాయి, ఆకులున్నది ఒక్క సారు మీదే.

ముఖద్వారం తీగల్ని ఎవరూ ముట్టుకోలేదు. వాటి కింద నుంచి బుట్టలు నెత్తిన పెట్టుకుని అందరూ బయటికి నడిచారు. బొంగురత్త ఒక్కతే ఆగి, మాడిన ఆకొకటి తెంపి నలిపి, "ఇన్ని చేలకు సరిపోయేవి తగలేశారు పాపిష్టి వెధవలు," అని తుపుక్కున ఉమ్మింది.

ఆ మధ్యాహ్నమే కౌలు చేలన్నిటిలో మట్టి ఎగదోసిన బోదెలు లేచాయి. నేల పైన పొర ఆరింది గానీ లోపల తడి ఉంది. గునపంతో ఏటవాలుగా గుంట చేసి, మూడు కణుపులు లోపలికి పోయేలా తీగను వాల్చి, పాదంతో అదిమి, చెంబుడు నీళ్ళు. తీగలక్క ముందు నడిచి గుంటలు చేస్తుంటే, మొగుడు వెనక నీళ్ళు పోస్తున్నాడు.

"కొట్టువాడు పనిలోంచి తీసేశాడు," అన్నాడు అతను.

ఆమె గునపం ఆపింది.

"ముడి వదులుగా కట్టానంట."

"వదులుగా కట్టలేదు. బాగా కట్టావు," అంది ఆమె. పెళ్ళయ్యాక అతని పనిని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

పొద్దు వాలుతోంది. గట్టు మీద చిన్నది ఆట ఆపి కూర్చుండిపోయింది. "అమ్మా, నేనిక్కడున్నా." తీగలక్క వెళ్ళి, పిల్లను చంకనెత్తుకుని బోదెల మధ్యకు తెచ్చింది. అక్కడ కూర్చోబెట్టి మళ్ళీ గునపం అందుకుంది. చీకటి పడేలోపు రెండు బోదెలు నాటింది.

మర్నాడు తెల్లవారగానే ఆడవాళ్ళందరూ మడి దగ్గరికి వెళ్ళారు. గేటుకు తాళం ఉంది. ఈసారి బొంగురత్తను ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాతి వారం సారు మళ్ళీ వచ్చాడు. పోలీసుల్ని తెస్తాడేమోనని అందరూ అనుకున్నారు. కానీ ఆయన ఒక్కడే వచ్చాడు, అదీ నవ్వుతూ. తీగలక్క చేలో నీళ్ళు కడుతోంది.

"తీగలక్కగారూ, పెద్దాయన ఎంత సంతోషించారో తెలుసా అండీ! ఆ రోజు మీరు చేసింది ఆయనకు తెగ నచ్చేసింది. మేమే అలా ఏర్పాటు చేశామనుకున్నారు. మహిళలే స్వయంగా వేదిక నుంచి తీగలు అందుకోవడం! వచ్చే నెల ఇంకోచోట మీటింగు. అచ్చం అలాగే చెయ్యాలట. స్తంభాలకు చుట్టడం, మీరంతా వచ్చి విప్పడం. ఈసారి ఇంకా ఎక్కువ తీగలు కావాలి."

ఆమె నమ్మలేక ఆయన మొహంలోకి చూసింది. మొహంలో అదే ముచ్చట. తమకు జరిగిన అవమానాన్ని కూడా పండగలా మార్చుకుని తినేసే మనుషులుంటారని ఆమెకు ఆ రోజే తెలిసింది.

"మడి చూశారా సారూ?"

"ఇప్పుడు అటే వెళుతున్నా."

"వెళ్ళక్కర్లేదు. అక్కడేమీ లేదు. మిగిలిన తీగలు కోసేశాం. మొదళ్ళు కూడా పెళ్ళగించి పంచేసుకున్నాం."

సారు నవ్వు మొహం మీదే ఆరిపోయింది. చుట్టూ చూశాడు. ఈ చేలో బోదెలు, పక్క చేలో బోదెలు, ఆ పక్క బొంగురత్త చేలో బోదెలు. ప్రతి బోదె మీదా వరసగా తీగముక్కలు. పాత ఆకులు రాలిపోయాయి, కణుపుల దగ్గర కొత్త చిగుళ్ళు ఎర్రగా పొటమరించాయి.

"మరి... తీగలు కావాలంటే ఇప్పుడెలాగమ్మా? మాకు టార్గెట్లుంటాయి. పట్టా రైతులకు ఇవ్వాలి. ఎవర్నడగాలి?"

"పెరగనివ్వండి. రెండు నెలలాగి రండి, ఏ చేలోకెళ్ళి అడిగినా కోసిస్తారు. పట్టా ఉన్నా ఇస్తాం, లేకపోయినా ఇస్తాం. కాగితం చూపించమని మేం అడగం. అడిగేది ఒక్కటే, నాటడానికా అని."

"అంటే, మీటింగుకు మాత్రం..."

"ఒక్క ఆకు కూడా ఇవ్వం," అని ఆమె పార తీసుకుని, నీళ్ళను పక్క బోదెకు మళ్ళించింది.